ఆస్పెక్ట్ సాఫ్ట్‌వేర్ సమీక్ష: షియర్ జోన్ చోటును శిల నిర్ణయిస్తుంది, వెడల్పును ఎవరు నిర్ణయిస్తున్నారు?

భూపటలంలో పది, ఇరవై కిలోమీటర్ల లోతున రాయి విరగకుండా సాగుతుంది. ఆ సాగుడు అంతటా సమానంగా పరుచుకోకుండా ఒక సన్నని పట్టీలోకి చేరితే ఆ పట్టీని షియర్ జోన్ అంటాం. అది ఫలానా చోటే ఎందుకు పుట్టిందో, పక్కనే ఉన్న రాతిలో ఎందుకు పుట్టలేదో తెలుసుకోవాలంటే క్షేత్రంలో చూసిన మైలోనైట్ (షియర్ జోన్‌లో నలిగి సాగిన రాయి) ముక్క, దాని పలుచని ఛేదం మీద సూక్ష్మదర్శినిలో కనిపించిన క్వార్ట్జ్ రిబ్బన్లు చాలావరకు దారి చూపుతాయి గాని, ఆ రాతి ధర్మాలు కాస్త వేరుగా ఉండి ఉంటే ఏమయ్యేదో చూపలేవు. ఆ పని సంఖ్యా నమూనాలది. నిర్మాణ భూవిజ్ఞానం బోధించే వ్యక్తిగా నేను తరగతిలోనూ సొంత పనిలోనూ ఆస్పెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇందుకోసం వాడుతున్నాను. దానికి ఎన్నో ఉపయోగాలు ఉన్నా ఈ సమీక్షను ఒక్క ప్రశ్నకే పరిమితం చేస్తున్నాను: శిలల ప్రవాహ ధర్మాలు షియర్ జోన్‌ను ఎలా మలుస్తాయో అర్థం చేసుకోవడానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ముందు వస్తువు గురించి క్లుప్తంగా చెబుతాను. ఆస్పెక్ట్ సీ ప్లస్ ప్లస్ భాషలో రాసిన పరిమిత మూలకాల ప్రోగ్రాం, అంటే లెక్కించే ప్రాంతాన్ని చిన్న గడులుగా విడగొట్టి సమీకరణాలు సాధించేది. మార్టిన్ క్రోన్‌బిచ్లర్, టిమో హైస్టర్, వుల్ఫ్‌గాంగ్ బాంగర్త్ దీన్ని పరిచయం చేస్తూ 2012లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. డీల్ టూ అనే గణిత గ్రంథాలయం మీద దీన్ని నిర్మించారు. భూప్రావారంలోని (పటలం కింద ఉన్న మందమైన రాతి పొరలోని) సంవహనాన్ని, అంటే వేడికి రాయి మెల్లగా పైకీ కిందికీ తిరగడాన్ని, లెక్కించడం దీని తొలి లక్ష్యం. పేరులోని ఆంగ్ల అక్షరాలు కూడా మొదట్లో ఆ సంవహనాన్నే సూచించేవి. శిలావరణం (పటలం, దాని కిందే ఉన్న గట్టి ప్రావారం) సాగడం, నలగడం, పగలడం వంటి పనులు తర్వాతి సంవత్సరాల్లో చేరాయి. జీపీఎల్ లైసెన్సు కింద ఎవరైనా డబ్బు చెల్లించకుండా తీసుకోవచ్చు, మూల కోడ్‌ను చదవవచ్చు, మార్చవచ్చు. మన విశ్వవిద్యాలయాల్లోని భూవిజ్ఞాన శాఖలకు, లక్షలు పోసి వాణిజ్య సాఫ్ట్‌వేర్ కొనలేని చోట్ల, ఇది చిన్న విషయం కాదు.

ఇన్‌స్టాల్ చేయడం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. లైనక్స్ ఉన్నవారికి దారి సూటిగా ఉంటుంది. విండోస్ వాడేవారు దాని లోపలే నడిచే లైనక్స్ ద్వారానో డాకర్ ద్వారానో వెళ్లడం మేలు. మూల కోడ్ నుంచి అన్నీ కట్టుకోవాలంటే దాని వెనుక ఉన్న ఇతర గ్రంథాలయాలను కూడా కట్టాలి కాబట్టి, తొలిసారి చేసేవారు కమాండ్ లైన్ తెలిసిన తోడు ఒకరిని పక్కన పెట్టుకుంటే మంచిది. బొమ్మల కిటికీలు, నొక్కే బటన్లు ఇందులో ఉండవు. ఒక టెక్స్ట్ ఫైలులో అంతా రాసి ఇస్తే ప్రోగ్రాం నడుస్తుంది. ఫలితాలను పారావ్యూ అనే దృశ్యీకరణ ప్రోగ్రాంలో తెరిచి చూసుకోవాలి.

ఆ టెక్స్ట్ ఫైలే ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. కారణం ఇది. రాయి ఎలా ప్రవహిస్తుందో చెప్పే నియమంలో మూడు ముఖ్యమైన సంఖ్యలు ఉంటాయి: ముందుండే గుణకం, ప్రతిబలం (వైశాల్యం మీద పడే బలం) మీద ఉండే ఘాతాంకం, ఉత్తేజన శక్తి. ప్రతిబలాన్ని ఆ ఘాతాంకానికి హెచ్చించి, గుణకంతో గుణించి, ఉష్ణోగ్రత తగ్గే కొద్దీ ఎక్స్‌పొనెన్షియల్‌గా తగ్గే పదంతో మళ్లీ గుణిస్తే వికృతి రేటు, అంటే రాయి రూపం మారే వేగం, వస్తుంది. ప్రతి పొరకూ దానికి తగిన రాయి కావాలంటే ఈ మూడు సంఖ్యలనూ మీ చేతులతోనే టైపు చేయాలి. "మధ్య పటలం మెత్తగా ఉంది" అని పాఠంలో ఒక వాక్యంతో దాటేసినంత తేలిగ్గా ఇక్కడ దాటలేం. ఏ ఖనిజం, తడిగా ఉన్నదా పొడిగా ఉన్నదా, ఎవరి ప్రయోగం, ఏ ఉష్ణోగ్రత అనే ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన తర్వాతే షియర్ జోన్ కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఉదాహరణల్లో ఖండం సాగడాన్ని చూపే నమూనా ఒకటి ఉంది. ఈ విషయం మీద పని చేయాలనుకునేవారు అక్కడే మొదలుపెట్టాలని నా సలహా. 100 కిలోమీటర్ల లోతున్న పెట్టెలో పైన 20 కిలోమీటర్లు ఎగువ పటలం, దాని కింద 10 కిలోమీటర్లు దిగువ పటలం, మిగతాది శిలావరణంలోని ప్రావారం. ఎగువ పటలానికి తడి క్వార్ట్‌జైట్ నియమం, దిగువ పటలానికి తడి అనార్థైట్ (ఒక రకం ఫెల్‌స్పార్) నియమం, ప్రావారానికి పొడి ఆలివిన్ నియమం ఇచ్చారు. క్వార్ట్‌జైట్ సంఖ్యలు గ్లీసన్, టల్లిస్ 1995లో ప్రచురించినవి: ఘాతాంకం 4, ఉత్తేజన శక్తి మోల్‌కు 223 కిలోజౌళ్లు. అనార్థైట్‌కు ఘాతాంకం 3, శక్తి 345. ఆలివిన్‌కు ఘాతాంకం 3.5, శక్తి 530. పక్కలను ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున లాగితే, కొన్ని లక్షల సంవత్సరాల నమూనా కాలంలోనే వాలుగా దిగే పట్టీలు కనిపించడం మొదలవుతుంది.

దీన్ని నడిపే ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోవాలని విద్యార్థులకు తప్పకుండా చెబుతాను. వికృతి రేటు సెకనుకు 10⁻¹⁵ అనుకుందాం. ఖండాల్లో మెల్లగా జరిగే సాగుడుకు అది సరైన మోతాదే. పై క్వార్ట్‌జైట్ సంఖ్యలతో 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ రేటుతో సాగడానికి కావలసిన ప్రతిబలం సుమారు 22 మెగాపాస్కల్స్. అదే రాయి 300 డిగ్రీల దగ్గర అదే రేటుతో సాగాలంటే సుమారు 126 కావాలి. వంద డిగ్రీలు తగ్గేసరికి రాయి ఐదున్నర రెట్లకు మించి గట్టిపడింది. కిలోమీటరుకు 25 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుందని తీసుకుంటే 300 డిగ్రీలంటే దాదాపు 12 కిలోమీటర్ల లోతు. అక్కడ ఘర్షణ కోణం 30 డిగ్రీలు ఉన్న రాతిని విరచడానికి 170 మెగాపాస్కల్స్‌కు పైగా కావాలి కాబట్టి, విరగడం కంటే ప్రవహించడమే తేలిక. ఇంకో రెండు కిలోమీటర్లు పైకి వస్తే పరిస్థితి తారుమారవుతుంది. ఎగువ భాగంలోని భ్రంశం (రాయి విరిగి జారిన పగులు) కింద షియర్ జోన్‌గా మారే లోతు, విరచడానికీ ప్రవహింపజేయడానికీ కావలసిన ఈ రెండు బలాలను లోతును బట్టి గీసిన గీతల ఖండన నుంచి వస్తుంది. నమూనా నడిచాక పారావ్యూలో చూసే పట్టీ సరిగ్గా ఆ లోతుల్లోనే వంగి, వెడల్పై, అడ్డంగా పరుచుకోవడం గమనించిన విద్యార్థికి పాఠ్యపుస్తకంలోని బలం–లోతు పటం ఇక ఒట్టి బొమ్మగా మిగలదు.

ఇప్పుడు దిగువ పటలం వైపు వద్దాం. 500 డిగ్రీల దగ్గర, అదే రేటుకు, తడి క్వార్ట్‌జైట్‌కు 6 మెగాపాస్కల్స్ సరిపోతే తడి అనార్థైట్‌కు 300కు పైగా కావాలి. ఒకే ఉష్ణోగ్రత, ఒకే వేగం, తేడా మాత్రం యాభై రెట్లు. గ్రానైట్ మైలోనైట్‌ను చేతిలోకి తీసుకుంటే, క్వార్ట్జ్ సన్నని పట్టీలుగా సాగిపోయి దాని మధ్యలో ఫెల్‌స్పార్ గుడ్లలా మిగిలిపోవడం ఎందుకో ఈ తేడాయే చెబుతుంది. క్వార్ట్జ్ దాదాపు 300 డిగ్రీల దగ్గర సాగడం మొదలుపెడితే ఫెల్‌స్పార్‌కు అంతకంటే మరో 150 నుంచి 200 డిగ్రీలు ఎక్కువ కావాలని ప్రకృతిలోని శిలలు కూడా చూపుతాయి.

ఈ తేడాను నమూనాలో తారుమారు చేయడం నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది. పటలం మొత్తానికీ క్వార్ట్‌జైట్ నియమమే ఇచ్చి చూడండి. మధ్య, దిగువ భాగాలు కలిసి మందమైన మెత్తటి పొరగా మారతాయి. పైనుంచి దిగిన భ్రంశాలు ఆ పొరలోకి వచ్చి చదునుగా పరుచుకుంటాయి. ప్రావారంలో తెగిన పట్టీకీ పటలంలో తెగిన పట్టీకీ మధ్య నేరుగా సంబంధం తెగిపోతుంది, రెండూ ఒకదాని కింద ఒకటి ఉండాల్సిన అవసరం కూడా ఉండదు. దిగువ పటలానికి తిరిగి ఫెల్‌స్పార్ నియమం ఇస్తే పటలం, ప్రావారం ఒకదానికొకటి బిగుసుకుని, ఒకే పట్టీ రెండింటినీ కోసుకుంటూ దిగడానికి మొగ్గు చూపుతుంది. ఖండాల అంచులు కొన్నిచోట్ల వెడల్పుగా, కొన్నిచోట్ల ఇరుకుగా చీలడం వెనుక ఈ బిగువు, సడలింపుల పాత్ర ఉందన్నది ఈ రంగంలో బాగా స్థిరపడిన అవగాహన. దాన్ని మూడు వరుసల్లో ఒక్కో సంఖ్య మార్చి కళ్లారా చూడగలగడం ఆస్పెక్ట్ ఇచ్చే గొప్ప సౌకర్యం.

ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రయోగశాల వ్యాసాల్లో ముందు గుణకం మెగాపాస్కల్స్‌లో ఉంటుంది, ఆస్పెక్ట్‌కు పాస్కల్స్‌లో ఇవ్వాలి. ఘాతాంకం 4 ఉన్నప్పుడు ఈ మార్పు 10²⁴ రెట్లు అవుతుంది. అంతటితో అయిపోలేదు. ప్రయోగశాలలో స్తంభం ఆకారపు నమూనాను ఒకే దిశలో నొక్కుతారు. సాఫ్ట్‌వేర్ మాత్రం అన్ని దిశల ప్రతిబలాలనూ కలిపిన ఒక మొత్తంతో లెక్క చేస్తుంది. ఆ రెండింటి మధ్య మరో గుణకం వస్తుంది, అది కూడా ఘాతాంకం మీదే ఆధారపడుతుంది. గ్లీసన్, టల్లిస్ ఇచ్చిన 1.1 × 10⁻⁴ అనే సంఖ్య పాస్కల్స్‌లోకి వచ్చి 1.1 × 10⁻²⁸ అయి, దిశల సవరణతో 7.79 రెట్లు పెరిగి 8.57 × 10⁻²⁸గా ఉదాహరణ ఫైలులోకి చేరింది. ఈ దారి తెలియనివారు మరో వ్యాసం నుంచి కొత్త రాయి సంఖ్యలు తెచ్చి నేరుగా పెడితే ప్రోగ్రాం నిరభ్యంతరంగా నడుస్తుంది, బొమ్మ కూడా అందంగా వస్తుంది, రాయి మాత్రం వేరేది అవుతుంది. ఈ మార్పిడిని వాడుకరి చేతికి వదలకుండా ఒక చిన్న సహాయక సాధనం రూపంలో అందరికీ కనిపించే చోట పెడితే కొత్తవారికి ఎంతో మేలు.

ఘాతాంకం గురించి మరికొంత చెప్పాలి, ఎందుకంటే షియర్ జోన్ పుట్టుకలో దాని పాత్రను చాలామంది సగమే అర్థం చేసుకుంటారు. ఘాతాంకం 1 అయితే ప్రతిబలం రెట్టింపైనప్పుడు ప్రవాహ వేగమూ రెట్టింపే అవుతుంది. ఘాతాంకం 4 అయితే పదహారు రెట్లు అవుతుంది. అందుకే ఎక్కడైనా ప్రతిబలం కాస్త ఎక్కువైతే ఆ చోటే వేగం విపరీతంగా పెరిగి, వికృతి అక్కడికే చేరుతుంది. ఇంతవరకు నిజమే. అయితే ఈ నియమంలో వేగం పెరగాలంటే ప్రతిబలం పెరగాల్సిందే. అంటే వేగంగా సాగే చోట రాయి నెమ్మదిగా సాగే చోట కంటే ఎక్కువ బలాన్నే మోస్తోంది. రాయి తన అంతట తాను కాలంతో పాటు బలహీనపడనంత వరకు ఎంత పెద్ద ఘాతాంకం ఇచ్చినా పట్టీ ఒక మేరకు సన్నబడి అక్కడే ఆగుతుంది. దీన్ని నమ్మించడానికి నేను తరగతిలో బలహీనపడే సదుపాయాలన్నీ తీసేసి, ఒట్టి ఘాత నియమంతో మాత్రమే నమూనా నడిపిస్తాను. అస్పష్టంగా, వెడల్పుగా పరుచుకున్న మడతలాంటిది వస్తుంది. కొండల్లో మనం చూసే పదునైన షియర్ జోన్ రాదు.

పదునైన పట్టీ కావాలంటే బలహీనపడటానికి ఏదో ఒక మార్గం కావాలి. ఆస్పెక్ట్‌లో కొన్ని మార్గాలు సిద్ధంగా ఉన్నాయి. మొదటిది, వికృతి పోగుపడే కొద్దీ ఘర్షణ కోణాన్ని, సంసక్తిని (రేణువులు అంటిపెట్టుకుని ఉండే బలాన్ని) తగ్గించడం. ఎంత వికృతి దగ్గర మొదలై ఎంత దగ్గర ఆగాలో, చివరికి ఎన్నో వంతుకు తగ్గాలో మీరే రాస్తారు. 30 డిగ్రీల ఘర్షణ ఉన్న రాతిని నాలుగో వంతు బలానికి తగ్గేలా పెడితే పట్టీలు గబగబా పదునెక్కి, కొన్ని గెలిచి, మిగతావి నిద్రపోతాయి. స్నిగ్ధ (జిగట) ప్రవాహానికి కూడా ఇలాంటి తగ్గింపే పెట్టుకోవచ్చు. ఈ సదుపాయం అవసరమే, కానీ ఇది భౌతిక నియమానికి బదులు మనం పెట్టిన ఒక గుర్తు మాత్రమే. బంకమట్టి ఏర్పడటం, రేణువులు నలగడం, నీరు చేరడం అన్నీ ఈ ఒక్క వాలు గీతలో కలిసిపోతాయి. సాఫ్ట్‌వేర్ పత్రాల్లో దీని గణితం చక్కగా వివరించి ఉంది. ఎంత తగ్గింపు సమంజసమో ఎంచుకునే బాధ్యత మాత్రం వాడేవారిదే.

రెండో మార్గం, రుద్దుడు వేడి. దీన్ని ఒక్క వరుస చేర్చి మొదలుపెట్టవచ్చు. 100 మెగాపాస్కల్స్ ప్రతిబలం కింద షియర్ వికృతి ఒకటికి చేరితే, వేడి బయటికి పోకుండా ఉంటే, రాయి సుమారు 37 డిగ్రీలు వేడెక్కుతుంది. పైన చెప్పిన క్వార్ట్‌జైట్ లెక్కతో పోలిస్తే అది తక్కువేమీ కాదు. అయితే కిలోమీటరు వెడల్పు పట్టీ నుంచి వేడి బయటికి పాకడానికి ముప్పై వేల సంవత్సరాల మోతాదు చాలు. సెకనుకు 10⁻¹⁴ రేటుతో వికృతి ఒకటికి చేరడానికి మాత్రం ముప్పై లక్షల సంవత్సరాలు పడుతుంది. కాబట్టి మెల్లగా కదిలే సన్నని పట్టీలో వేడి నిలవదు. రుద్దుడు వేడి వల్లే షియర్ జోన్ సన్నబడిందని రాసే ముందు ఈ రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఆస్పెక్ట్ ఉష్ణ సమీకరణాన్ని ప్రవాహంతో పాటే పరిష్కరిస్తుంది కాబట్టి ఈ పోలికను నమూనాలోనే తేలిగ్గా చూపవచ్చు.

మూడో మార్గమే నాకు అత్యంత ఆసక్తికరం, ఎందుకంటే మైలోనైట్‌లో కళ్లకు కనిపించేది అదే. స్ఫటికాలు నలిగి, తిరిగి స్ఫటికీకరించి, చిన్న రేణువులు అవుతాయి. రేణువు చిన్నదైన కొద్దీ డిఫ్యూజన్ క్రీప్ (అణువులు పాకడం వల్ల రాయి మెల్లగా సాగడం) తేలికవుతుంది. రేణువుల అంచుల వెంట అణువులు పాకే రకంలో వేగం రేణువు పరిమాణపు ఘనానికి విలోమంగా ఉంటుంది. మిల్లీమీటరు రేణువు 10 మైక్రాన్లకు నలిగితే, అంటే వంద రెట్లు తగ్గితే, ఆ రకం ప్రవాహం పది లక్షల రెట్లు వేగవంతమవుతుంది. అప్పటిదాకా ఘాతాంకం 4తో నడిచిన రాయి ఘాతాంకం 1కి మారిపోతుంది, ఉష్ణోగ్రత ఏమీ మారకుండానే. ఆస్పెక్ట్‌లో డిస్‌లొకేషన్ (స్ఫటికంలోని లోపాలు కదలడం వల్ల సాగే రకం), డిఫ్యూజన్ క్రీప్‌లను కలిపి లెక్కించే పదార్థ నమూనా ఉంది. రేణువు పరిమాణం కాలంతో మారే నమూనా కూడా ఉంది, దాని మూలం ప్రావారం కోసం, ఆలివిన్ కోసం చేసిన పని. పటలంలోని క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, మైకా కలగలుపు రాతికి దాన్ని అమర్చాలంటే వాడుకరి కోడ్ లోపలికి దిగాలి. ఒక ఖనిజం రేణువులు పెరగకుండా మరో ఖనిజం అడ్డుపడటం వంటివి షియర్ జోన్ ఆయుష్షును నిర్ణయించే అంశాలు. అవి సిద్ధంగా దొరకవు. ఈ సాఫ్ట్‌వేర్‌కు నేను పూర్తి మార్కులు ఇవ్వకపోవడానికి ఇది ఒక కారణం.

ఇక శీర్షికలో అడిగిన ప్రశ్న. పగిలే రాతిని సాధారణ పద్ధతిలో లెక్కించినప్పుడు పట్టీ వెడల్పు ఎప్పుడూ గడి పరిమాణానికి రెండు, మూడు రెట్లుగా వస్తుంది. గడులను సగం చేస్తే పట్టీ కూడా సగమవుతుంది. శిల ధర్మాల్లో ఏమీ మారలేదు. అంటే తెర మీద కనిపిస్తున్న వెడల్పు రాతిది కాదు, మనం గీసిన గడుల జాలీది. వికృతి ఎక్కువ ఉన్న చోట గడులను తానే చిన్నవి చేసుకునే ఆస్పెక్ట్ శక్తి ఎంతో ఉపయోగకరం, మిగతా చోట్ల లెక్కను ఆదా చేస్తుంది. అయితే అదే శక్తి ఈ భ్రమను మరింత అందంగా చూపిస్తుంది కూడా. పగిలే (ప్లాస్టిక్) భాగానికి ఒక స్నిగ్ధ నిరోధాన్ని జోడించే వీలును ఇందులో ఇచ్చారు. దాన్ని వాడితే పట్టీకి ఒక నిర్దిష్టమైన వెడల్పు వచ్చి, గడులను చిన్నవి చేసినా మారకుండా నిలుస్తుంది. ఆ నిరోధానికి ఏ సంఖ్య ఇవ్వాలన్నది మళ్లీ ప్రత్యేక పరిశోధన. నా మాట ఒక్కటే: వెడల్పు గురించి ఏదైనా చెప్పాలంటే కనీసం రెండు వేర్వేరు గడి పరిమాణాలతో నడిపి పోల్చకుండా చెప్పకూడదు. చోటు, వాలు, లోతు, ఏ పొరలో వంగింది అన్న విషయాలు మాత్రం గడులు మారినా చాలావరకు నిలబడతాయి. అవి నిజంగా ప్రవాహ నియమాల నుంచి వచ్చిన ఫలితాలు, నమ్మదగినవి.

ప్రకృతి ఎంత సన్నని పట్టీలతో పని చేయగలదో గుర్తుంచుకుంటే ఈ పరిమితి ఎంత పెద్దదో తెలుస్తుంది. స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ థ్రస్ట్ అనే భ్రంశం దగ్గర 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల నాటి వెర్రుకానో శిలలు, 3.5 నుంచి 5 కోట్ల సంవత్సరాల వయసున్న ఫ్లిష్ అనే అవక్షేప శిలల మీదికి ఎక్కి కూర్చున్నాయి. రెండింటి మధ్య మీటరు మందం మోతాదులో సున్నపురాయి మైలోనైట్ పొర ఉంది. కనీసం 35 కిలోమీటర్ల కదలికలో ఎక్కువ భాగాన్ని ఆ పలుచని పొరే మోసింది. సున్నపురాయిలోని కాల్సైట్ క్వార్ట్జ్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనే సాగుతుంది, దాని రేణువులు సూక్ష్మంగా ఉంటే మరీ తేలిగ్గా సాగుతుంది. సున్నపురాయి ధర్మం లేకపోతే గ్లారస్ కథే వేరుగా ఉండేది. 100 కిలోమీటర్ల పెట్టెలో ఒక మీటరు పొరను గడులతో పట్టుకోవడం సాధారణ కంప్యూటర్‌కు అయ్యే పని కాదు. అటువంటి సమస్యకు చిన్న పెట్టె గీసుకుని, ఆ పొర చుట్టూ కొన్ని వందల మీటర్లను మాత్రమే లెక్కించడం సరైన దారి. ఆస్పెక్ట్ ఆ కొలతలోనూ పని చేస్తుంది.

మన ప్రాంతపు రాళ్లతో ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడాలనుకునేవారు ఆలోచించాల్సిన విషయం ఒకటి ఉంది. తూర్పు కనుమల పడమటి అంచున, పురాతన, స్థిరమైన ఖండ భాగమైన బస్తర్ క్రేటాన్‌ను ఆనుకుని ఉన్న సీలేరు షియర్ జోన్ వంటి చోట్ల ఒకవైపు చార్నొకైట్ వంటి పొడి, గట్టి గ్రాన్యులైట్ (చాలా ఎక్కువ వేడిలో రూపాంతరం చెందిన) శిలలు ఉంటాయి. ఇలాంటి శిలల్లో నీరు దాదాపు ఉండదు కనుక తడి అనార్థైట్ సంఖ్యలు వాటికి సరిపోవు, పొడి ఫెల్‌స్పార్ నియమాలతోనే మొదలుపెట్టాలి. అలా చేస్తే రాయి చాలా గట్టిగా వస్తుంది. ఎక్కడైనా పగుళ్ల వెంట నీరు చేరి ఫెల్‌స్పార్ మైకాగా మారితే ఆ పట్టీ మాత్రం ఒక్కసారిగా మెత్తబడుతుంది. పొడి రాతిలో షియర్ జోన్లు ఇలా రసాయన చర్య వెంట నడవడం ప్రపంచమంతటా గ్రాన్యులైట్ ప్రాంతాల్లో చూస్తున్నదే. ఈ చర్యను ఆస్పెక్ట్ తనంతట తాను లెక్కించదు. మీరే ఒక పట్టీని తడి రాతిగా గీసి, దాని ప్రభావం చూడాలి. అంటే జవాబులో కొంత భాగాన్ని ప్రశ్నలోనే రాసి పెట్టినట్లే. అయినా గట్టి, మెత్తటి భాగాల మధ్య ఎన్ని రెట్ల తేడా ఉంటే వికృతి పూర్తిగా పట్టీలోకి చేరుతుందో వెతకడానికి అది చాలు. ఆ సంఖ్య తెలిస్తే క్షేత్రంలో ఏ ఖనిజ మార్పును వెతకాలో కూడా తెలుస్తుంది.

పత్రాలు, సహాయం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ప్రతి పరామితికీ వివరణ ఉంది, ఉదాహరణలు పుష్కలంగా ఉన్నాయి, అభివృద్ధి బహిరంగంగా జరుగుతుంది కనుక ఒక సమీకరణం కోడ్‌లో నిజంగా ఎలా రాశారో వెళ్లి చదవవచ్చు. రెండు కొలతల్లో (టూడీలో) మధ్యస్థ గడులతో నడిపే నమూనాలు మంచి ల్యాప్‌టాప్ మీదే నడుస్తాయి. మూడు కొలతలకు వెళ్లాలంటే మాత్రం పెద్ద కంప్యూటర్ సమూహం అవసరం. పగిలే రాయి, ఘాత నియమం రెండూ కలిసినప్పుడు సమీకరణాలు సరళంగా ఉండవు. లెక్క ఒక అడుగులో కుదురుకోకుండానే తర్వాతి అడుగుకు వెళ్లే పరిస్థితి వస్తుంది. ప్రతి అడుగులో శేషం (లెక్కలో ఇంకా మిగిలిన లోపం) ఎంత తగ్గిందో తెర మీద వచ్చే సంఖ్యల్లో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. న్యూటన్ పద్ధతి పరిష్కర్త అందుబాటులో ఉంది, అది కుదిరిన చోట ఎంతో వేగంగా కుదురుతుంది. కుదరని చోట సాధారణ పద్ధతితో కొన్ని అడుగులు నడిపి తర్వాత దానికి మారడం మేలు.

నిర్మాణ భూవిజ్ఞానంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదివేవారికి, పీహెచ్‌డీ మొదలుపెట్టేవారికి, వారికి చెప్పే అధ్యాపకులకు ఆస్పెక్ట్‌ను నేను గట్టిగా సిఫార్సు చేస్తాను. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. తగ్గిన ఒక మార్కు కలగలుపు ఖనిజాల రేణు పరిణామానికి, యూనిట్ల మార్పిడికి సంబంధించినది. అవి రెండూ తీర్చగలిగిన లోటులే. ఒక్క సాయంత్రంలో చక్కని బొమ్మ కావాలనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. కొత్తగా తీసుకునేవారు ఖండం సాగే ఉదాహరణను ముందు ఏమీ మార్చకుండా నడపండి. తర్వాత దిగువ పటలం సంఖ్యలు మాత్రమే మార్చండి. ఆ తర్వాత బలహీనపరిచే సదుపాయాన్ని తీసేయండి. చివరగా గడులను సగం చేయండి. ఒక్కోసారి ఒక్కటే మార్చి, నాలుగు ఫలితాలనూ పారావ్యూలో ఒకే రంగుల కొలతతో పక్కపక్కన పెట్టి, వికృతి రేటు పట్టీ ఎక్కడ వంగిందో, ఎంత లోతున వెడల్పయిందో స్కేలుతో కొలిచి రాసుకోండి.